చిన్న తెరచాప పడవలో సామాను కట్టుకోవడం: రెండు వేసవులు వాడిన ఒక కిట్‌పై సమీక్ష

రెండేళ్ల క్రితం, మా పాత వేఫేరర్ పడవ కోసం, పడవ సామగ్రి అమ్మే ఒక దుకాణంలో ‘డింగీ స్టోవేజ్ కిట్’ (డింగీ అంటే మూత లేని చిన్న పడవ, స్టోవేజ్ అంటే సామాను సర్దడం) అనే పెట్టె ఒకటి కొన్నాను. అందులో నీళ్లు చొరకుండా మూతి చుట్టి బిగించే 20 లీటర్ల డ్రై బ్యాగులు రెండు, 5 లీటర్లది ఒకటి, 25 మిల్లీమీటర్ల వెడల్పు గల పట్టీలు ఆరు, రెండు కొసలా కొక్కేలున్న సాగే తాళ్లు నాలుగు, పక్కబల్లల కింద వేలాడదీసుకునే వల సంచులు రెండు, లంగరు పెట్టుకునే గుడ్డ సంచి ఒకటి ఉన్నాయి. ఇదే సరుకు చిన్న చిన్న మార్పులతో మూడు నాలుగు పేర్ల మీద అమ్ముడవుతోంది కనుక, పేరుతో పని పెట్టుకోకుండా, ఒక్కొక్క వస్తువు నీళ్లలో ఎలా ప్రవర్తించిందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. పెట్టె మీద మాత్రం ఈ సామగ్రి మహాసముద్ర యాత్రలకు సైతం సరిపోతుందని రాసి ఉంది. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానన్న సామెత కొన్ననాడు గుర్తు రాలేదు. వల సంచుల సంగతి తెలిశాక గుర్తొచ్చింది.

నేను పడవ నడపడం నేర్చుకున్నది హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ మీద. అక్కడ గంటో రెండు గంటలో తిరిగి ఒడ్డుకు చేరడమే గనుక పడవలో మనిషీ, నీళ్ల సీసా తప్ప మరేమీ ఉండేవి కావు. సామాను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే పుట్టలేదు. ఉద్యోగరీత్యా ఇంగ్లండు దక్షిణ తీరానికి వచ్చి, చిచెస్టర్ హార్బర్‌లో తిరగడం మొదలుపెట్టాక ఆ ప్రశ్న ఎదురైంది. ఇది ఆటుపోట్ల నీరు. పోటు మీద నిండు చెరువులా కనిపించిన చోటే ఆటు తీసేసరికి బురద మైదానమవుతుంది, కాలువల్లో తప్ప పడవ కదలదు. పొద్దున బోషమ్ దగ్గర బయలుదేరి, ముఖద్వారం పక్కనున్న ఈస్ట్ హెడ్ ఇసుకతిన్నె మీద భోజనం చేసి వెనక్కి వద్దామనుకున్నప్పుడు, నీటి వేళ ఒక్కటి తప్పితే గంటల తరబడి ఎక్కడో ఒకచోట ఆగిపోవలసిందే. అందుకని ఒక్కపూట ప్రయాణానికి కూడా లంగరు, తెడ్లు, మార్చుకునే బట్టలు, మంచినీళ్లు, తిండి, మందుల పెట్టె, నీళ్లు తోడే బకెట్టు, చీకటి పడితే కప్పుకునే టార్పాలిన్ అన్నీ వెంట ఉండాలి. ఇన్ని వస్తువులూ ఇద్దరు మనుషులూ ఉన్న పడవలో, దిశ మార్చిన ప్రతిసారీ ఇద్దరూ ఒక పక్క నుంచి మరో పక్కకు వంగి దాటాలి. కాలికి అడ్డం తగిలే ప్రతి వస్తువూ అప్పుడు శత్రువే.

వేఫేరర్ ఇలాంటి తిరుగుడుకు తగిన పడవ. ఇయన్ ప్రాక్టర్ 1957లో రూపొందించిన ఈ పడవ పొడవు 4.82 మీటర్లు, వెడల్పు 1.85 మీటర్లు, ఖాళీ పడవ బరువు సుమారు 169 కిలోలు. మన తీరంలో పల్లెకారులు పడవ ముందు కొసను అణియమనీ, వెనుక కొసను అమరమనీ అంటారు. ఆ మాటల్లో చెప్పాలంటే దీనికి అణియంలో ఒకటి, అమరంలో ఒకటి మూతలున్న గాలి గదులు ఉన్నాయి. పడవ బోల్తా పడినా మునిగిపోకుండా తేల్చేవి అవే, సామాను దాచుకోవడానికి పనికొచ్చేవీ అవే. ఫ్రాంక్ డై అనే ఆయన 1963లో ఇలాంటి పడవలోనే మరొకరిని తోడు తీసుకుని స్కాట్లాండ్ నుంచి ఐస్‌లాండ్‌కు వెళ్లారు. మరుసటి ఏడు నార్వేకు వెళుతూ తుఫానులో చిక్కుకుని, పడవ అనేకసార్లు తిరగబడి, తెరచాప కొయ్య విరిగినా ఒడ్డు చేరారు. ఆ ధైర్యంలో వీసమెత్తు కూడా నాకు లేదు. అయితే అలాంటి రాత్రి గడిచాక పడవలో ఏమేమి మిగిలి ఉంటే మనుషులు మిగులుతారో ఒక్కసారి లెక్క వేసుకుంటే, సామాను కట్టుకోవడమన్నది సర్దుడు పనిలా కనిపించడం మానేస్తుంది.

మొదటి నెలలో నేను చేసింది సర్దుడు పనే. లారీలో బస్తాలు కట్టినట్టు, బరువులు జారిపోకుండా ఆపితే చాలుననుకుని, డ్రై బ్యాగులను పక్కబల్లల కింద సాగే తాళ్లతో బిగించి, చూడముచ్చటగా ఉందని సంతోషించాను. మా క్లబ్బులో నలభై ఏళ్లుగా వేఫేరర్ నడుపుతున్న ఒక పెద్దాయన వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఒక సంచిని రెండు చేతులతో పట్టుకుని పైకి లాగారు. అది సాగే తాడుతో సహా ఆయన మోకాలి దాకా లేచింది. “నీళ్లు దీన్ని ఇలాగే లాగుతాయి,” అని మాత్రం అని వెళ్లిపోయారు.

ఆ రాత్రి లెక్క వేసి చూశాను. 20 లీటర్లని రాసి ఉన్న సంచి మూతిని మూడు చుట్లు చుట్టి బిగించాక నిజంగా మిగిలే చోటు 16 లీటర్లకు మించదు, ఎందుకంటే చాలామంది తయారీదారులు గొట్టం మొత్తం ఎత్తును కొలిచి ఆ సంఖ్య వేస్తారు. అందులో 5 కిలోల బట్టలు, దుప్పటి పెట్టాననుకుందాం. ఆ సంచి పూర్తిగా మునిగితే 16 లీటర్ల ఉప్పునీటిని, అంటే 16 కిలోలకు కాస్త పైన బరువును, పక్కకు తోస్తుంది. దాని సొంత బరువు పోను సుమారు 11 కిలోల బలంతో పైకి లేవాలని చూస్తుంది. ఒడ్డున ఒక్క చేత్తో ఎత్తగలిగిన 5 కిలోల సంచిని నీళ్లలో కింద ఆపి ఉంచడానికి దానికి రెండింతలకు పైగా బలం కావాలన్న మాట. పడవ బోల్తా పడగానే కట్లు పరీక్షకు నిలబడవలసింది సంచి బరువుకు కాదు, దాని తేలికకు. మంచినీళ్ల డబ్బా ఇందుకు భిన్నం: నిండా నింపిన డబ్బా ఉప్పునీటిలో తేలీ తేలనట్టు ఉంటుంది, కనుక పైన కాస్త గాలి వదిలి నింపితే కనీసం కంటికి కనిపిస్తూ తేలుతుంది. లంగరు, గొలుసు తిన్నగా అడుక్కు పోతాయి. తేలేవి, మునిగేవి, ఎటూ కానివి అని మూడు రకాలుగా సామానును చూడడం నేర్చుకున్నాకే ఈ కిట్‌లో ఏది పనికొస్తుందో, ఏది రాదో తేల్చుకోగలిగాను.

తేల్చుకోవడానికి ఒక్కటే దారి ఉంది, సామానంతా కట్టి పడవను కావాలని బోల్తా కొట్టించడం. మా బావమరిది ఆ వారం మా ఇంటికి వచ్చి ఉన్నాడు. సంగతి చెబితే, “బావా, ఇంత ఖరీదు పెట్టి కొన్నవాటిని మనమే ముంచుకోవడమేమిటి?” అన్నాడు గానీ చలి నుంచి కాపాడే రబ్బరు దుస్తులు, వెట్ సూట్ మాత్రం నాకన్నా ముందే తొడుక్కున్నాడు. జూన్ నెలలో కూడా ఇక్కడి నీరు చల్లగానే ఉంటుంది కనుక అది లేకుండా దిగకూడదు. ఇంకా రెండు గంటల పోటు మిగిలి ఉన్న వేళను ఎంచుకున్నాము. చేయి జారిన వస్తువేదైనా సముద్రంలోకి కాక హార్బర్ లోపలికి కొట్టుకు రావాలన్నది అందులోని ఎత్తు. తలకిందులైనప్పుడు కొయ్య బురదలో దిగబడకుండా తగినంత లోతున్న చోట, పెద్ద పడవల దారికి పక్కగా, మిత్రుడొకరు మోటారు పడవలో కాపలా ఉండగా, ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు పడవను పడగొట్టాము. రెండుసార్లు పక్కకు పడి ఆగింది, రెండుసార్లు పూర్తిగా తిరగబడింది. లోపలికి నీరు చేరిందో లేదో తెలియడానికి ప్రతి సంచిలో ఒక పొడి కాగితపు తువ్వాలు మడిచి పెట్టాము.

ముందుగా డ్రై బ్యాగుల సంగతి. మందపాటి పీవీసీ పూత ఉన్న 20 లీటర్ల సంచులు రెండూ నిలబడ్డాయి, కానీ ఒకే తీరుగా కాదు. నేను మూడు చుట్లు చుట్టి బిగించిన సంచిలో కాగితం పొడిగానే ఉంది. మా బావమరిది లోపల గాలి నిండుగా ఉండనిచ్చి రెండే చుట్లు చుట్టిన సంచిలో ఒక టీ గ్లాసెడు నీళ్లు చేరాయి. నిండా కుక్కిన సంచికి మూతి చుట్టడానికి గుడ్డ మిగలదు. గాలి ఎక్కువ ఉన్న సంచి మునిగినప్పుడు ఆ గాలి నొక్కుకుని చుట్టల మధ్యనుంచి దారి వెతుక్కుంటుంది. కాబట్టి మూడు వంతులు నింపి, మోకాలితో అదిమి గాలి తీసి, కనీసం మూడు చుట్లు చుట్టాలి. మూతి పట్టీలో ఇసుక గానీ తాడు పోగు గానీ ఇరుక్కుంటే ఎన్ని చుట్లు చుట్టినా ప్రయోజనం ఉండదని తర్వాత ఈస్ట్ హెడ్ దగ్గర అనుభవమైంది. అయినా ఇలాంటి సంచులు వానకూ, అలల తుంపరకూ, కాసేపటి మునకకూ చేసినవే తప్ప గంటల తరబడి నీటి అడుగున ఉంచడానికి చేసినవి కావు. నీళ్లు తగిలితే చెడిపోయే మందులను, అగ్గిపెట్టెను సంచి లోపల మరో చిన్న సంచిలో పెట్టడమే మంచిది.

కిట్‌లో నన్ను నిరాశపరచిన సంచి 5 లీటర్లది. పలుచటి నైలాన్ గుడ్డకు లోపలివైపు పాలియురెథేన్ పూత పూసి చేసిన ఆ సంచి మొదటి వేసవిలో చక్కగానే పనిచేసింది. చలికాలం గ్యారేజీలో చుట్టి పడేసి, వసంతంలో తెరిచేసరికి లోపలి పూత జిగటగా మారి పొరలు పొరలుగా ఊడింది. తేమ తగిలిన పాలియురెథేన్ పూత మెల్లగా విరిగిపోవడం తెలిసిన విషయమే. సంచిని కడిగి, పూర్తిగా ఆరబెట్టి, చుట్టకుండా వేలాడదీసి ఉంచితే ఆయుష్షు పెరుగుతుంది. నేను ఆ జాగ్రత్త తీసుకోలేదు కనుక సగం తప్పు నాది. దుకాణం వారు మారుమాట లేకుండా మరొకటి పంపారన్నది కూడా ఇక్కడే చెప్పడం న్యాయం.

సాగే తాళ్ల గురించి మంచిమాట చెప్పడానికి చాలా వెతికాను. పడవ మొదటిసారి పక్కకు ఒరిగిన క్షణంలోనే, పక్కబల్ల కింద ఆ తాళ్లతో కట్టిన సంచి నీటితోపాటు లేచి, తాడును రెండింతలు సాగదీసి, బల్ల కింది నుంచి బయటికి వచ్చి తెరచాప మీద తేలుతూ నిలబడింది. ఒక కొక్కెం ఊడి నా చెంప పక్కగా విసురుగా వెళ్లింది. కన్ను ఉన్న చోటుకూ అది వెళ్లిన చోటుకూ నాలుగు వేళ్ల దూరం. సాగేదానితో కట్టడమంటే, వస్తువు బయటికి రావడానికి ఎంత దూరం కావాలో అంత దూరం దానికి ముందుగానే మంజూరు చేయడమే. పైగా ఒక వేసవి ఎండకే వాటిలో రెండు తాళ్లు సాగు చచ్చి వదులయ్యాయి. ఇంగ్లండు ఎండకే ఇలా అయితే విశాఖ, కాకినాడ ఎండకు ఎన్నాళ్లు నిలుస్తాయో పాఠకులే ఊహించుకోవచ్చు. కొక్కేలు తీసేసి, మిగిలిన తాడును ముక్కలుగా కోసి, తెడ్లను పక్కబల్ల అంచుకు ఆనించి ఉంచే ఉంగరాలుగా ముడివేశాను. ఆ పనికి అవి బాగున్నాయి, ఎందుకంటే తెడ్డును ఒక్క లాగుతో తీసుకోగలగాలి. ఊడినా కొట్టుకుపోకుండా ప్రతి తెడ్డుకూ ఒక సన్నని మామూలు తాడు వేరే కట్టి ఉంచాను.

ఈ కిట్‌ను కొనదగినదిగా చేసేవి పట్టీలు. పాలిస్టర్ నేతతో చేసిన ఈ పట్టీలకు క్యామ్ బకిల్ ఉంది. కొసను లాగితే పళ్లు పట్టేస్తాయి, బొటనవేలితో నొక్కితే వదులుతాయి. నైలాన్ పట్టీ తడిస్తే సాగుతుంది, ఒడ్డున బిగించినది నీళ్లలో వదులవుతుంది. పాలిస్టర్‌కు ఆ దుర్గుణం దాదాపు లేదు. పట్టీని సరిగా వేశాక పడగొట్టిన రెండుసార్లూ సంచి రెండు వేళ్ల వెడల్పు కూడా కదలలేదు. లారీలకు, కార్ల పైకప్పు సామానుకు వాడే ర్యాచెట్ పట్టీలు ఇంతకన్నా గట్టిగా బిగుస్తాయి కదా అని కొందరు అడిగారు. బిగుస్తాయి, ఆ బిగువుకు సంచి గుడ్డా పడవ బల్లా నలుగుతాయి, ఉప్పునీటికి ర్యాచెట్ తుప్పు పట్టి అవసరానికి తెరుచుకోదు. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు కూడా విప్పగలగడమే పడవలో కట్టుకు ఉండవలసిన మొదటి గుణమని నా అభిప్రాయం, క్యామ్ బకిల్ ఆ విషయంలో ఉత్తమం. అయితే పళ్ల మధ్య ఇసుక చేరితే పట్టు జారుతుంది, కాబట్టి తీరానికి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో కడగాలి. బకిల్ దాటాక మిగిలిన కొసను అలాగే వేలాడనివ్వకుండా పట్టీకే ఒక అర ముడి వేయాలి. ఆ ముడి రెండు పనులు చేస్తుంది: బకిల్ పొరపాటున తెరుచుకుంటే ఆపుతుంది, వేలాడే కొస కాలికి చుట్టుకోకుండా చూస్తుంది.

పట్టీ ఎలా వేయాలన్నది పెట్టెలోని కాగితంలో తప్పుగా ఉంది. బొమ్మలో సంచి మీదుగా పట్టీ అడ్డంగా వేసి చూపించారు. అలా వేస్తే లోపలి బట్టలు నీటి ఒత్తిడికి ఒక పక్కకు జరగగానే సంచి సన్నబడి పట్టీ కింది నుంచి చేపలా జారిపోతుంది. రెండోసారి పడగొట్టినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. పట్టీ సంచి మీదుగా పోయే ముందు దాని పిడిలోంచి గానీ, మూతి బిగించిన ఉంగరంలోంచి గానీ దూరాలి. ఈ ఒక్క మార్పుతో తర్వాతి రెండుసార్లూ సంచి చోటు వదల్లేదు.

ఇంకా పెద్ద లోపమేమిటంటే, దేనికి కట్టాలో కిట్ చెప్పదు, అందుకు కావలసిన ఒక్క కొక్కెం కూడా ఇవ్వదు. ఆరు పట్టీలిచ్చి, పట్టీ దూర్చి కట్టుకునే ఉంగరమున్న లోహపు బిళ్ల, అంటే ఐ ప్లేటు, ఒక్కటీ ఇవ్వకపోవడం, తలుపిచ్చి మడతబందులు ఇవ్వకపోవడం లాంటిది. వేఫేరర్‌లో అడ్డబల్ల, పక్కబల్లల కాళ్లు, సెంటర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) పెట్టె పైఅంచు, ఇవి ఎలాగూ ఉన్నాయి. కానీ సంచి కదలకుండా ఉండాలంటే కింది నుంచి పట్టే బిందువులు కూడా కావాలి. నేను 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఐ ప్లేట్లు నాలుగు వేరే కొని, అడుగు పలకలను మోసే కొయ్య దుంగలకు మరలతో బిగించాను, ఆ పలకలే ఊడి తేలిపోకుండా వాటికీ కట్లు వేశాను. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి: ఫైబర్‌గ్లాస్ పడవలో ఎక్కడ చదునుగా కనబడితే అక్కడ బెజ్జం వేయకూడదు. ఆ గోడ వెనుక ఉన్నది గాలి గది అయితే, సంచిని కాపాడుకోవడానికి వేసిన బెజ్జమే పడవను ముంచే దారి అవుతుంది. అక్కడ తప్పదనుకుంటే వెనుక చెక్క దిమ్మె పెట్టి, సీలెంట్ నింపి బిగించాలి, లేదా జిగురుతో అతికే దిమ్మెలు వాడాలి. నాలుగు ప్లేట్లకూ మరలకూ అయిన ఖర్చు కిట్ ధరలో పదో వంతు కూడా లేదు; పడవలో సామాను నిలబడడంలో వాటి వాటా మాత్రం సగం.

ఇక లంగరు సంచి. ఇది పైకి ఎంతో ముచ్చటగా ఉంటుంది: లంగరు ఆకారానికి కుట్టిన మందపాటి గుడ్డ, మీద వెల్క్రో మూత, పక్కన మోకు చుట్టుకోవడానికి జేబు. నా లంగరు 4 కిలోలది, దానికి 2 మీటర్ల గొలుసు, 30 మీటర్ల మోకు. పడవ మొదటిసారి పూర్తిగా తిరగబడినప్పుడు వెల్క్రో ఒక్క చప్పుడుతో విడిపోయి, లంగరు తన దారిన అడుక్కు పోయింది. మోకు చివరి కొస కొయ్య మొదట్లో కట్టి ఉన్నందున, తలకిందులైన పడవ తనంతట తానే లంగరు వేసుకుని నిలబడింది. మోటారు పడవలోని మిత్రుడికి అది నవ్వు తెప్పించింది గానీ, నీళ్లలో ఉన్న మాకు నవ్వు రాలేదు. మా బావమరిది, “బావా, నా కాలికేదో చుట్టుకుంటోంది,” అని అరిచేసరికి వదులుగా జారుతున్న మోకు అతని చీలమండ చుట్టూ ఒక మెలిక తిరిగి ఉంది. బిగిసేలోపు అతనే తన్ని వదిలించుకున్నాడు. ఆ కాసేపట్లో నా చేయి నడుము దగ్గరి చాకు మీదే ఉంది. మునిగే బరువుకు వెల్క్రో మూత పెట్టినవారు ఆ సంచిని ఎన్నడూ తలకిందులుగా పట్టుకుని చూసి ఉండరు. ఇప్పుడు లంగరును ఒక చిన్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, మోకును దాని కింద అరలుగా పరిచి, కిట్‌లోని పట్టీ ఒకటి లంగరు ఉంగరంలోంచి దూర్చి సెంటర్‌బోర్డు పెట్టె పక్కన ఐ ప్లేటుకు బిగిస్తున్నాను. ఒక బకిల్ నొక్కితే లంగరు చేతికి వస్తుంది. సంచి ఇప్పుడు గ్యారేజీలో మేకులు, సుత్తి మోస్తోంది.

వల సంచులు మన ఉట్టి లాంటివి. వంటింట్లో ఉట్టి పనిచేసేది ఇల్లు తలకిందులు కాదు గనుక. వీటిలో ఫ్లాస్కు, చేతి తొడుగులు, నీళ్లు పీల్చే స్పాంజి పెట్టి మూతి తాడు లాగితే, తాడును బిగించి ఉంచే బిళ్ల లేనందువల్ల రెండోసారి పడగానే మూతి తెరుచుకుని అన్నీ బయటికి వచ్చాయి. తొడుగులు, స్పాంజి దొరికాయి, ఫ్లాస్కు దొరకలేదు. అంతకన్నా ఇబ్బంది, లేచి కూర్చునేటప్పుడు లైఫ్ జాకెట్ బకిల్ ఆ వలలో చిక్కుకోవడం. బోల్తా పడిన పడవ కింద మనిషి ఒంటికి చిక్కుకునే వల ఏదైనా ఉండకూడదు కనుక రెండూ విప్పేశాను. నా మాటగా చెప్పాలంటే ఇవి కిట్‌లో ఉండవలసినవే కావు.

గాలి గదుల్లో సామాను దాచడం గురించి కిట్ ఏమీ చెప్పదు, కానీ ఈ సంచులు ఎక్కువగా పనికొచ్చింది అక్కడే. అణియంలోని గదిలో ఏ వస్తువు పెట్టినా డ్రై బ్యాగులో పెట్టే ఉంచుతాను. మూత రబ్బరు సరిగా పట్టక గదిలోకి నీరు చేరినా, సంచుల్లో ఉన్న గాలి అంతమేరకు నీటికి చోటివ్వదు; విడిగా పెట్టిన బట్టలైతే నీళ్లు పీల్చి బరువెక్కుతాయి. పరీక్ష ముగిశాక అమరం గదిలో ఓ చిన్న బకెట్టెడు నీళ్లు కనిపించాయి, మూత రబ్బరు ఎండి పగిలిందని అప్పుడు తెలిసింది. రబ్బరు మార్చాను. ఆ గదులు ముందుగా పడవను తేల్చడానికే ఉన్నాయి కనుక నీటిమీద ఉండగా మూతలు తెరవను. దారిలో కావలసినవన్నీ బయటి సంచిలోనే ఉండాలి. బరువైనవి కొసల్లో కాక నడుమకు దగ్గరగా, అడుగున ఉంచాలన్నది పడవవారందరికీ తెలిసిందే. వెనుక 17 కిలోల చిన్న ఇంజను తగిలించిన రోజున మంచినీళ్ల డబ్బాను అడ్డబల్లకు ముందు, సెంటర్‌బోర్డు పెట్టెకు ఆనించి కడితే అమరం నీళ్లు ఈడ్చుకోవడం తగ్గింది.

తిండి విషయం రాయకపోతే మా ఇంట్లో ఊరుకోరు. రబ్బరు వాషరు, నాలుగు వైపులా క్లిప్పులు ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, డ్రై బ్యాగులో దూర్చిన పులిహోర నాలుగుసార్లు బోల్తా పడ్డాక కూడా పొడిపొడిగానే ఉంది. ఒడ్డుకు చేరాక ముగ్గురం అదే తిన్నాము. అదే సంచిలో ఆవకాయ చిన్న సీసాలో పెట్టడం మాత్రం నా తెలివితక్కువ. మరమూత ఉన్న సీసాలోంచి నీళ్లు లోపలికి పోలేదు గానీ నూనె బయటికి వచ్చింది. పీవీసీ పూతకు ఆ వాసన పట్టేసింది. రెండు వేసవులు గడిచినా ఆ సంచిలోంచి తీసిన స్వెట్టరు తొడుక్కుంటే ఆకలి వేస్తుంది.

చాకు, ఈల, చేతి రేడియో, కారు తాళం ఏ సంచిలోనూ పెట్టను. పడవ చేయి దాటిపోయినప్పుడు పడవలో ఉన్న రేడియోతో పిలవలేము కనుక అవి లైఫ్ జాకెట్ జేబుల్లో, సన్నని తాళ్లతో, నా ఒంటి మీదే ఉంటాయి. కిట్ పెట్టె మీద రేడియోను 5 లీటర్ల సంచిలో పెట్టినట్టు బొమ్మ వేశారు. అది తప్పు సలహా.

కిట్‌కు నేను చెల్లించింది 110 పౌండ్లు. అందులో రెండు పెద్ద సంచులు, ఆరు పట్టీలు విడిగా కొనుక్కుంటే దాదాపు 60 పౌండ్లకు వస్తాయి. మిగిలిన సొమ్ము నేను కోసేసిన తాళ్లకు, విప్పేసిన వలలకు, మేకులు మోస్తున్న లంగరు సంచికి పోయినట్టు లెక్క. మన దేశంలో ఉండి సరస్సుల మీదో, తీరానికి దగ్గరగానో డింగీ నడిపేవారికి కిట్ తెప్పించుకునే అవసరమే లేదు. మందపాటి పీవీసీ సంచులు, క్యామ్ బకిల్ పట్టీలు కొండలెక్కేవారి సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. పట్టీ పాలిస్టరా నైలానా అని అడిగి, బకిల్ పళ్లు వేలితో తడిమి చూసి కొనండి. హుస్సేన్ సాగర్‌లో గంటసేపు తిరిగి వచ్చేవారికి ఒక 5 లీటర్ల సంచి, దాన్ని అడ్డబల్లకు కట్టే ఒక పట్టీ సరిపోతాయి.

ఈ ఏడాది కిట్ మళ్లీ కొనలేదు గానీ పట్టీలు మరో నాలుగు విడిగా కొన్నాను. వాటిలో రెండు టార్పాలిన్‌కు, ఒకటి ఇంధనం డబ్బాకు, మిగిలినది బకెట్టుకు. వచ్చే జూన్‌లో మళ్లీ పడగొట్టే రోజుకు మా బావమరిది అప్పుడే టికెట్టు కొన్నాడు. ఈసారి ఆవకాయ సీసా సంచిలో కనబడితే తాను దిగనని ముందుగానే కబురు చేశాడు.